కరెంటు పోతే సోలారూ ఆగిపోతోంది: గ్రిడ్ ఉంచుకోవాలా, తెంచుకోవాలా?

ఎండకన్నెరుగని: మేడమీద 5 కిలోవాట్ల ప్యానెళ్లు. మిట్టమధ్యాహ్నం కరెంటు పోతే ఇంట్లో ఫ్యాను తిరగదు! పెట్టినవాణ్ని అడిగితే "ఆన్‌గ్రిడ్ (వీధి లైన్‌కి కలిపి నడిచేది) అంటే అంతేనండీ" అన్నాడు. ఇదేం ఖర్మ? బ్యాటరీలు కొనుక్కుని గ్రిడ్‌కి ఓ దండం పెట్టేద్దామనుకుంటున్నా. వద్దనేవాళ్లు కారణం చెప్పండి.

ఫేజూన్యూట్రలూ: అది లోపం కాదండీ, కావాలని పెట్టిందే. లైన్ ఆపేశారు కదా అని లైన్‌మన్ స్తంభం ఎక్కితే, మీ ఇంటి నుంచి వెనక్కి వెళ్లే కరెంటు అతని ప్రాణం తీస్తుంది. వీధి ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని వేల వోల్టులకు పెంచేస్తుంది కూడా. అందుకే గ్రిడ్ పోయిన 2 సెకన్లలోపు ఇన్వర్టర్ (ప్యానెళ్ల కరెంటును ఇంటి కరెంటుగా మార్చే పెట్టె) ఆగాలని ఇంజనీర్ల సంస్థ ఐఈఈఈ పెట్టిన 1547 ప్రమాణం చెబుతుంది. పైగా మామూలు ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ గ్రిడ్ వోల్టేజీని చూసి దాని వెంట కరెంటు తోస్తుందంతే. తాళం ఆగితే పాటా ఆగుతుంది.

మబ్బులెక్క: తెంచుకునే ముందు లెక్కేసుకోండి. రోజుకు 8 యూనిట్ల వాడకం, మూడు రోజుల ముసురు అనుకుంటే 24 యూనిట్ల నిల్వ కావాలి. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తే త్వరగా చస్తుంది, కాబట్టి 48 యూనిట్ల బ్యాటరీలు కావాలి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అయితే చాలావరకు ఖాళీ చేయొచ్చు, 27 చాలు. నాలుగో రోజూ ముసురే అయితే? అదే మంచి ఎండలో మీ ప్యానెళ్లు 20 యూనిట్లు ఇస్తాయి. బ్యాటరీ నిండాక మిగతాది తీసుకునే దిక్కుండదు. గ్రిడ్ ఉంటే మీటరు దాటి బయటికి వెళ్లేది.

బావిగట్టు: ఊరికే భయపెట్టకండి. మా ఇంటికి లైనే రాలేదు, అంతా ఆఫ్‌గ్రిడ్డే. మోటారు, మిక్సీ, వాషింగ్ మెషీన్ ఎండున్నప్పుడే. ముసురు పడితే బట్టలు ఉతకం, అంతే. జాగ్రత్తల్లా మోటారు దగ్గరే: ఆన్ అయ్యే క్షణంలో ఐదారు రెట్లు లాగుతుంది. సర్జ్ కెపాసిటీ (ఆ క్షణపు లాగుడుని తట్టుకునే శక్తి) చూడకుండా ఇన్వర్టర్ కొంటే ట్రిప్ అవుతూనే ఉంటుంది.

ఫేజూన్యూట్రలూ: లైన్ లేనిచోట మీరు చేసిందే రైటండీ. ఉన్న లైన్ పీకించుకోవడం వేరు కదా! నా ఓటు గ్రిడ్డూ బ్యాటరీ రెండూ ఉండే హైబ్రిడ్‌కే. గ్రిడ్ పోగానే రిలే (దానంతటదే పనిచేసే స్విచ్) ఇంటిని వీధి లైన్ నుంచి విడదీస్తుంది, ఆపైన బ్యాటరీ మీద ఇన్వర్టరే సొంతంగా వోల్టేజీ తయారుచేస్తుంది. లైన్‌మన్‌కి ముప్పు లేదు, ప్యానెళ్లూ ఖాళీగా కూర్చోవు. లైట్లు, ఫ్యాన్లు, ఫ్రిజ్, రౌటర్ వరకు వేరే డీబీకి (ఫ్యూజులు, స్విచ్‌లుండే డిస్ట్రిబ్యూషన్ బోర్డు) మారిస్తే చిన్న బ్యాటరీతోనే రాత్రి గడిచిపోతుంది. గీజరూ ఏసీ దాని మీద పెట్టారో, అయిపోయినట్టే.

ఎండకన్నెరుగని: మరి ఇప్పుడున్న ఇన్వర్టర్ పారేయాలా?

ఫేజూన్యూట్రలూ: అక్కర్లేదు, ఏసీ కప్లింగ్ (ఇక్కడ ఏసీ అంటే ఇంటి ఆల్టర్నేటింగ్ కరెంటు) చేయించుకోవచ్చు. బ్యాటరీ ఇన్వర్టర్ విడిగా పెట్టి, పాతదాన్ని దాని బ్యాకప్ వైపు కలుపుతారు. కరెంటు లేనప్పుడు బ్యాటరీ నిండితే బ్యాటరీ ఇన్వర్టర్ ఫ్రీక్వెన్సీని (సెకనుకు కరెంటు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్క) 50 హెర్ట్జ్ నుంచి కాస్త పైకి జరుపుతుంది, అది చూసి పాతది ఉత్పత్తి తగ్గించుకుంటుంది. కొన్ని పాత మోడళ్లు తగ్గించవు, ఠక్కున ఆగిపోతాయి. మీది ఏ మోడలో పెట్టండి, చూద్దాం.

మబ్బులెక్క: ఒకటి కలుపుతా. ఆ బ్యాటరీ ఇన్వర్టర్ మీ 5 కిలోవాట్లకి తగ్గనిది తీసుకోండి. ఇంట్లో లోడు ఒక్కసారిగా పడిపోతే ప్యానెళ్ల కరెంటంతా మింగాల్సింది అదే.