రాఘవపురం షేల్: ఫాల్ట్‌కి ఒక పక్క పలచన, ఇంకో పక్క మందం. ఎందుకు?

ప్రశ్న:
సార్, నేను ఎమ్మెస్సీ జియాలజీ విద్యార్థిని. కృష్ణా గోదావరి బేసిన్ మీద సెమినార్ ఇవ్వాలి. రెండు బావుల గామా లాగ్‌లు (లోతు వారీగా రాళ్ల సహజ రేడియోధార్మికతని చూపే గ్రాఫ్‌లు) ఇచ్చారు. ఒక బావి హార్స్ట్ (ఫాల్ట్‌ల మధ్య మిట్టగా నిలిచిన భాగం) మీద ఉంది, రెండోది పక్క గ్రాబెన్‌లో (ఫాల్ట్‌ల మధ్య కిందికి దిగిన పల్లం). గ్రాబెన్‌లో రాఘవపురం షేల్ (బురద గట్టిపడిన రాయి) మూడింతలు మందంగా ఉంది. బురద పేరుకుంటున్నప్పుడే ఫాల్ట్ (రాళ్లు చీలి జరిగిన చోటు) కదిలిందని రాసేయొచ్చా? ఇంకోటి, ఇదే షేల్‌లో అమ్మోనైట్లూ (చుట్టల గుల్ల ఉన్న, అంతరించిన సముద్ర జీవులు) టైలోఫిల్లం అనే నేల మొక్క ఆకులూ రెండూ దొరుకుతాయట. మరి ఇది సముద్రమా, చెరువా? టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
ముందు రెండోది తేల్చేద్దాం అమ్మా. ఆకు నేల మీంచి కొట్టుకొచ్చి సముద్రంలో పడగలదు. అమ్మోనైట్ మాత్రం మంచినీళ్లలో బతకదు. కాబట్టి సముద్రమే. ఆకు ఈనెలతో సహా చెక్కుచెదరకుండా ఉంటే ఒడ్డు మరీ దూరం కాదు, అడుగున నీళ్లు కదలకుండా ఉన్నాయి అనుకోవచ్చు. లోతు గురించి మాట్లాడాలంటే అమ్మోనైట్‌ని నమ్ముకోకు, చచ్చాక దాని గుల్ల తేలుతూ ఎటైనా పోతుంది. అడుగున బతికే ఫొరామినిఫెరాని (గుల్ల ఉన్న ఏకకణ సూక్ష్మజీవులు) చూడాలి.

ఇక మందం. భారతదేశం అంటార్కిటికా నుంచి విడిపోయేటప్పుడు, సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట, ఈ తీరం ఈశాన్య నైరుతి దిశలో చీలింది. బాపట్ల, తణుకు హార్స్ట్‌లు మిట్టలుగా నిలిచాయి, వాటి మధ్య గ్రాబెన్‌లు దిగాయి. సముద్రం వచ్చాక బురద ఎక్కువగా ఆ పల్లాల్లోనే చేరింది. నువ్వనుకున్నది సాధ్యమే. కానీ మొత్తం మందం ఒక్కటే చూసి తీర్పు చెప్పకు. షేల్ లోపలి మార్కర్లు (రెండు బావుల్లోనూ గుర్తుపట్టగల పొరలు) పట్టుకుని ముక్కలుగా పోల్చు. అన్ని ముక్కలూ ఒకే దామాషాలో సన్నబడితే హార్స్ట్ మీద మొదటి నుంచీ తక్కువే పేరుకుంది. పైముక్క మాత్రమే లేకపోతే తర్వాత కోతకు పోయింది. మధ్యలో ఒక ముక్క కత్తిరించినట్టు మాయమైతే బావి నార్మల్ ఫాల్ట్‌ని (పైపక్క రాయి కిందికి జారిన ఫాల్ట్) దాటిందన్నమాట. ఈ మూడోదాన్ని చాలామంది 'పలచన' అని రాసేస్తారు!

జవాబు 2:
బావి వాలుగా తవ్విందేమో కూడా చూడండి. వాలు బావిలో లాగ్ మీద కనిపించేది అసలు మందం కాదు, సరిచేశాకే పోల్చాలి. మార్కర్ కావాలంటే షేల్ అడుగు భాగంలో గామా, రెసిస్టివిటీ (కరెంటుని అడ్డుకునే గుణం) రెండూ ఎక్కువ చూపే పట్టీ ఉంటుంది, అక్కణ్నుంచి మొదలెట్టండి.

ప్రశ్న:
చూశాను సార్. బావులు రెండూ నిలువువే. నాలుగు ముక్కలొచ్చాయి. కింది మూడూ హార్స్ట్ మీద సన్నగా ఉన్నాయి, అన్నిటికన్నా పైది రెండు చోట్లా ఒకేలా ఉంది.

జవాబు 1:
బాగుంది. కింది మూడు పేరుకునేటప్పుడు పల్లం ఉంది, పైది వచ్చేసరికి పూడిపోయింది. అంతవరకు ధైర్యంగా చెప్పు. కానీ ఆ పల్లం అప్పుడే దిగుతోందా, లేక ఎప్పుడో దిగి ఆగిపోయిన గుంత మెల్లగా నిండిందా అన్నది రెండు బావులతో తేలదు. బురదలో సగానికి పైగా నీరే, అది అణిగేకొద్దీ గ్రాబెన్ మీద ఇంకా చోటు ఏర్పడుతుంది. సైస్మిక్ లైన్ (ధ్వని తరంగాలతో తీసిన భూగర్భ పొరల చిత్రం) దొరికితే పొరలు ఫాల్ట్ వైపు వెడ్జ్‌లా (చీలలా) మందమవుతున్నాయేమో చూడు. దొరక్కపోతే 'కదిలి ఉండవచ్చు' అని రాయి. సెక్షన్ (పొరల నిలువుకోత బొమ్మ) గీసేటప్పుడు సముద్రమట్టాన్ని కాకుండా ఆ నాలుగో ముక్క అడుగు గీతని సమతలంగా పెట్టు. అప్పుడే ఆనాటి గుంత ఆకారం బయటపడుతుంది.