తుఫానులొచ్చే జిల్లాలో పిల్లల సామాజిక రక్షణ ప్రాజెక్టు: కోఆర్డినేటర్‌గా చేరాను, ఎక్కడ మొదలుపెట్టాలి?

కొత్త కోఆర్డినేటర్, బరంపురం

అందరికీ నమస్కారం. నాది బరంపురమే. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, ఇక్కడ సగం మందిమి ఇంతే కదా. గంజాం, గజపతి జిల్లాలు రెండింటికీ కలిపి ఒక ప్రాజెక్టులో కోఆర్డినేటర్‌గా చేరి పది రోజులైంది. దాని పేరు ఒక్క గుక్కలో చదవలేం: పిల్లలు కేంద్రంగా, విపత్తులకు స్పందించే సామాజిక రక్షణను బలోపేతం చేయడం. ఏం ఉద్యోగంరా అని మా అమ్మ అడిగితే, తుఫాను వచ్చినప్పుడు పిల్లలున్న ఇళ్ళకి ప్రభుత్వ సాయం తొందరగా అందేలా చూడటం అని చెప్పాను. అయితే బియ్యం పంచుతావా అంది. కాదన్నాను గానీ, మరేం చేస్తానో నాకే సరిగ్గా తెలీదు.

చేతికొచ్చింది ఒక పెద్ద ఎక్సెల్ షీటు, దాన్నిండా డిపార్ట్‌మెంట్ల పేర్లు. నెలాఖరుకి వర్క్‌ప్లాన్ ఇమ్మన్నారు. ఇప్పటికే జూలై, ఇంకో మూడు నెలల్లో అక్టోబరు, ఆ నెల పేరు చెబితేనే మనవైపు ఎవరికైనా టెన్షన్. ముందు ఎవరిని కలవాలి? కొత్త పథకం ఏదైనా ప్రతిపాదించాలా, ఉన్నవాటితోనే సరిపెట్టాలా? అందరికంటే ముందు ఎవరికి అందాలో ఎలా తేలుస్తారు? పని చేసినవాళ్ళు చెప్పండి, పుస్తకాల్లో ఉన్నది నేను చదువుకున్నాను.

రిటైర్డ్ ఆర్‌ఐ, కాశీనగర్

బాబూ, నేను గజపతి జిల్లాలో రెవెన్యూ ఇన్‌స్పెక్టరుగా (ఆర్‌ఐ) చేసి రిటైరయ్యాను. తిత్లీ తుఫాను తర్వాత నష్టం జాబితాలు రాసిన చెయ్యి ఇది. కొత్త పథకం జోలికి పోకు, ఉన్నవే బోలెడు, కాకపోతే వాటికి తుఫాను సంగతి తెలీదు. తుఫాను నష్టం రెవెన్యూవాళ్ళు రాస్తారు, పిల్లల సంగతి మహిళా శిశు అభివృద్ధివాళ్ళు చూస్తారు, ఈ రెండు ఫైళ్ళూ ఒకే కలెక్టరేట్‌లో ఉంటాయి కానీ ఒకదాని మొహం ఒకటి చూడవు.

మేం ఊళ్ళోకి దిగితే ఏం రాస్తామో విను. ఇల్లు పూర్తిగా పోయిందా కొంత పోయిందా, పంట ఎంత, గేదె, మేక, కోళ్ళు, పడవ, వల. 2022–26కి కేంద్రం పెట్టిన నార్ముల్లో, అంటే సాయం రేట్లలో, పాడి గేదె పోతే 37,500 అని స్పష్టంగా ఉంది. ఇల్లు పూర్తిగా కూలితే మైదానంలో 1,20,000, కొండ ప్రాంతంలో 1,30,000. మనిషి పోతే 4 లక్షలు. ఇల్లు కూలిన ఏడాదే ఎనిమిదో తరగతి పిల్ల బడి మానేసి చిన్నవాళ్ళని ఎత్తుకుని ఇంట్లో కూర్చుంటే? దానికి గడి లేదు. గేదెకి ఉంది, పిల్లకి లేదు. నీ ప్రాజెక్టంతా ఆ ఒక్క గడి కోసమనుకో, పని ఎక్కడ మొదలుపెట్టాలో నీకే తెలుస్తుంది.

అందుకని మొదట కలవాల్సింది శిశు సంక్షేమం వాళ్ళని కాదు, వాళ్ళు ఎలాగూ నీవైపే ఉంటారు. కలెక్టరేట్‌లో ఎమర్జెన్సీ సెక్షన్‌కి వెళ్ళు. ఫారం మార్చమని అడగకు, అది పైనుంచి వస్తుంది, మార్చరు. దానికి ఒక కాగితం జోడిస్తామని అడుగు. ఇంట్లో పద్దెనిమిదేళ్ళలోపు వాళ్ళు ఎంతమంది, ఎవరి దగ్గర పెరుగుతున్నారు, బడికి పోతున్నారా, వికలాంగులున్నారా, ఇంతే. ఆర్‌ఐ వెంట అంగన్‌వాడీ ఆమె కూడా వెళ్ళాలని కలెక్టరు సంతకంతో ఒక్క ఉత్తరం సంపాదించు. జిల్లా విపత్తు నిర్వహణ అథారిటీకి చైర్మన్ కలెక్టరే, ఆ మీటింగు ఎజెండాలో నీ అంశం ఒక్క వాక్యంగా పడితే చాలు. నువ్వు విడిగా పెట్టే వర్క్‌షాపులు పది కలిపినా దానికి సాటి రావు.

ఒకటి చెప్తాను, ఊరి పేరు అడగకు. తిత్లీ 2018 అక్టోబరు 11న తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది, గాలి శ్రీకాకుళానిది, వాన మాది. కొండల మీద కుండపోత. బారఘర దగ్గర కొండచరియ విరిగి, తలదాచుకోవడానికి వెళ్ళినవాళ్ళే పదిమందికి పైగా పోయారు. ఆ వారంలోనే ఇంకో ఊళ్ళో ఒక ముసలమ్మ ఇల్లు రాశాను. ఇద్దరు మనవలు ఆవిడ దగ్గరే, కొడుకూ కోడలూ సూరత్‌లో. ఇల్లు చనిపోయిన ముసలాయన పేరు మీద ఉంది, వారసుల సర్టిఫికెట్ లేదు. నేను జాబితాలో రాశాను, డబ్బు మాత్రం కదల్లేదు. నాలుగోసారి ఆఫీసుకి వచ్చేటప్పటికి పెద్ద మనవడు ఆమె వెంట లేడు, వాళ్ళ నాన్న దగ్గరికి పనికి పోయాడట. పదమూడేళ్ళు వాడికి. ఆ సర్టిఫికెట్ సెప్టెంబరులో ఉండి ఉంటే… అంతే, ఇక రాయను.

డేటా పిచ్చి

బ్రో, సింపుల్‌గా ఒక యాప్ చేయించండి, ఇంటింటికీ జియోట్యాగ్ పెట్టి రిస్క్ స్కోరు వేస్తే తుఫాను దారిని బట్టి ఎవరికి ముందు డబ్బు వేయాలో దానంతటదే వస్తుంది. ఓపెన్ టూల్స్ ఉన్నాయి, కావాలంటే సాయం చేస్తాను.

అంగన్‌వాడీ అక్క, గోపాల్‌పూర్ వైపు

ఇంకో యాప్ ఏటి బాబూ, ఉన్న పోషణ్ ట్రాకర్‌కే సిగ్నల్ లేక మేం ఇసుకదిబ్బ ఎక్కి నించుంటున్నాం.

కోఆర్డినేటర్ తమ్ముడూ, ముందు ఎవరికి అందాలో ఎలా తేలుస్తారని అడిగావు కదా, ఆ జాబితా మా దగ్గర ఉంది. ఆరేళ్ళలోపు పిల్లలు, గర్భిణులు, బాలింతలు, బరువు తక్కువ పిల్లలు, అన్నీ రిజిస్టర్లో ఉంటాయి. ఆరు దాటినవాళ్ళు మాత్రం మా దగ్గర ఉండరు, బడి రిజిస్టర్లో ఉంటారు, బడి మానేసినవాళ్ళు ఎక్కడా ఉండరు. ఆ మూడో రకాన్నే నువ్వు వెతకాలి. మా ఊళ్ళో అయితే పన్నెండు, పద్నాలుగేళ్ళ మగపిల్లలు మద్రాసు పడవల మీదికి పోతారు, తుఫాను తర్వాత ఇంకా ఎక్కువమంది పోతారు, ఎందుకంటే ఇంట్లో వల పోయింది, నవంబరు 1 నుంచి మే 31 దాకా తాబేళ్ళని కాపాడటానికి చేపల వేట నిషేధం ఉండనే ఉంది. అక్టోబరులో వల పోతే మే దాకా ఆ ఇల్లు ఏం తింటుందో ఎవరైనా లెక్కేశారా? నీ వర్క్‌ప్లాన్‌లో ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడు.

ఇక పేర్ల గొడవ. ఇది మన తెలుగువాళ్ళకి మాత్రమే ఉన్న రోగం. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఒడియావాళ్ళు వెనక రాస్తారు. రేషన్ కార్డులో ఒకలా, ఆధార్‌లో ఒకలా, బడిలో మాస్టారు రాసుకున్నది ఇంకోలా. ఆడపిల్లల పేరు చివర అమ్మ ఉంటే ఒక కాగితంలో ఉంటుంది, ఇంకో కాగితంలో ఎగిరిపోతుంది. మామూలు రోజుల్లో ఎవరూ పట్టించుకోరు, డబ్బు బ్యాంకులో పడాల్సిన రోజున మాత్రం ఆ ఒక్క అక్షరం దగ్గర ఆగిపోతుంది. చిన్నపిల్లలకి తీసిన ఆధార్ అయిదేళ్ళు నిండాక ఒకసారి, పదిహేనేళ్ళు నిండాక ఒకసారి వేలిముద్రలతో అప్‌డేట్ చెయ్యాలి, మా ఊళ్ళో సగంమందికి అవ్వలేదు. సముద్రం ఇల్లు మింగితే వేరే చోటికి మారినవాళ్ళున్నారు (పొడంపేట సంగతి నీకు తెలిసిందే), వాళ్ళ కార్డుల్లో ఏ అడ్రసు ఉందో కూడా చూడు.

నన్నడిగితే ఆగస్టు, సెప్టెంబరు రెండు నెలలూ వేరే ఏ పనీ పెట్టుకోకు. ఊరూరా కాగితాల శిబిరాలు పెట్టించు. పుట్టిన సర్టిఫికెట్, ఆధార్, బ్యాంకు ఖాతా, వికలాంగుల సర్టిఫికెట్. ఫోటోలకి బాగోదు, మీ పెద్దవాళ్ళకి నచ్చకపోవచ్చు, కానీ తుఫాను వచ్చాక ప్రభుత్వం ఏం ఇచ్చినా జాబితాలో ముందే ఉన్నవాడికే ముందు ఇస్తుంది. 2020లో లాక్‌డౌన్ అప్పుడు వెయ్యి రూపాయలు ఎవరికొచ్చాయి? రేషన్ కార్డు ఉన్నవాళ్ళకి. కార్డులేని ఇళ్ళలోనూ పిల్లలున్నారు.

లాయర్, పర్లాకిమిడి

అక్క చెప్పినదానికి ఒక్కటి కలుపుతాను. బాల న్యాయ చట్టం 2015లో సంరక్షణ, రక్షణ అవసరమైన పిల్లలు అనే నిర్వచనంలో ప్రకృతి వైపరీత్యానికి గురైన పిల్లలూ ఉన్నారు. చాలామందికి ఇది కేవలం అనాథల చట్టమని అపోహ. మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద పిల్లల పోషణకిచ్చే స్పాన్సర్‌షిప్ నెలకి 4,000, కుటుంబ ఆదాయం గ్రామాల్లో ఏడాదికి 72,000, మిగతా చోట్ల 96,000 దాటకూడదు. తల్లి వితంతువైనా, భర్త వదిలేసినా, అనాథ పిల్లలు అమ్మమ్మ, తాతల దగ్గరో మేనమామ దగ్గరో ఉన్నా, తల్లిదండ్రులకి ప్రాణాంతక జబ్బున్నా అర్హతే.

అయితే ఇది తుఫాను సాయం కాదు. దరఖాస్తు జిల్లా బాలల సంరక్షణ యూనిట్‌కి వెళ్ళాలి, వాళ్ళు ఇంటికొచ్చి చూసి రిపోర్టు రాయాలి, తర్వాత కమిటీ మంజూరు చెయ్యాలి. ఒక్క వారంలో అయ్యే పని కాదు. అంచేత అర్హతున్న పిల్లల దరఖాస్తులు ఇప్పుడే పెట్టించండి. డబ్బు నెలనెలా పడుతూ ఉండగా తుఫాను వస్తే ఆ ఇల్లు కనీసం పిల్లాడిని పనికి పంపదు.

ఇంకొకటి, షెల్టర్‌లో ఒంటరిగా దొరికిన పిల్లని పెద్దమనసుతో ఎవరైనా ఇంటికి తీసుకెళ్తామంటే ఒప్పుకోవద్దు, దగ్గరి చుట్టాన్నని చెప్పుకున్నా సరే. 1098కి ఫోన్, ఇరవై నాలుగు గంటల్లో బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరు. ఈ ముక్క సర్పంచికీ, షెల్టర్ తాళాలుండే మనిషికీ ముందే తెలియాలి. తుఫాను రోజున ఎవరూ కరపత్రం చదవరు.

కొత్త కోఆర్డినేటర్, బరంపురం

ఆర్‌ఐ గారూ, గేదె మాట చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. నిన్న ఎమర్జెన్సీ సెక్షన్‌కి వెళ్ళాను, గంటన్నర కూర్చోబెట్టారు, కానీ జోడింపు కాగితం అనగానే ఫారం మార్చడం లేదు కదా అని రెండుసార్లు అడిగి, నమూనా తెమ్మన్నారు. మీరు చెప్పినట్టే అయింది.

రెండు సందేహాలు మిగిలాయి. ఒకటి, వాతావరణ శాఖ హెచ్చరికకీ మన పనికీ ముడి ఎలా వేయాలి? రెండు, మా సరిహద్దు ఊళ్ళలో తుఫాను అనగానే సగంమంది ఇచ్ఛాపురం, సోంపేట చుట్టాల ఇళ్ళకి పోతారు, అప్పుడు ఆ పిల్లలు ఎవరి లెక్కలోకి వస్తారు?

అంగన్‌వాడీ అక్క, గోపాల్‌పూర్ వైపు

మొదటిది నేను చెప్తాను. 72 గంటల ముందు వాచ్, 48 గంటల ముందు అలర్ట్, 24 గంటల ముందు వార్నింగ్ వస్తుంది కదా. వార్నింగ్ వచ్చాక మా చేత ఏదీ చేయించకు, అప్పటికి మేం మనుషుల్ని షెల్టర్‌కి తోలే పనిలో ఉంటాం. 2013లో ఫైలిన్ అక్టోబరు 12 రాత్రి ఇక్కడే దాటింది, రాష్ట్రమంతా కలిపి పది లక్షల దాకా జనాన్ని తరలించారు, ప్రాణాలు దక్కాయి, అది గొప్పే. కానీ మా సెంటర్‌లో ఉన్న ఛతువా (పిల్లలకి, తల్లులకి ఇచ్చే సత్తుపిండి) పాకెట్లు మాత్రం తడిసి ముద్దయ్యాయి. రెండ్రోజుల ముందు పంచేసి ఉంటే ఇళ్ళలో ఉండేవి, షెల్టర్‌కి మూటగట్టుకుని పోయేవాళ్ళు. పై ఆర్డరు లేదని పంచలేదు. ఆ ఆర్డరు ముందే రాయించి పెట్టు, వాచ్ రాగానే ఆ నెల ఛతువా, గుడ్లు ఇచ్చేయొచ్చని. రూపాయి ఖర్చు లేదు. నెలలు నిండిన వాళ్ళ పేర్లు, మంచం మీదున్న పిల్లల పేర్లు ఆశా దీదీకీ అలర్ట్ లోపే అందాలి. మిగతావి మీ ఆఫీసులో కూర్చుని ఎన్నైనా రాసుకో.

ఇచ్ఛాపురం బోర్డర్

ఇక్కడ మమ్మల్ని ఒడిశావాళ్ళంటారు, అక్కడ ఆంధ్రావాళ్ళంటారు, ఓట్లప్పుడు మాత్రం రెండు వైపులా చుట్టాలమే.

రేషన్ బియ్యం ఎక్కడున్నా తీసుకోవచ్చు, ఒకే దేశం ఒకే కార్డు కింద, మనిషికి 5 కిలోలు, వేలిముద్ర పడితే చాలు. పడకపోతేనే గొడవ. అంగన్‌వాడీ పిల్లల్ని పోషణ్ ట్రాకర్‌లో ఇంకో సెంటర్‌కి మార్చే వీలుంది, పది రోజుల కోసం ఎవరూ మార్చరు గానీ నెల దాటితే మార్చించండి. ఇంటి నష్టం మాత్రం ఇల్లున్న చోటే రాస్తారు, రాసే రోజున మనిషి అక్కడ ఉండాలి. మా పిన్ని వాళ్ళు తిత్లీకి మా ఇంటికొచ్చి వారం ఉన్నారు, తిరిగి వెళ్ళేసరికి జాబితా అయిపోయింది, తాళం వేసిన ఇల్లు అని రాసేశారట. ఎవరైనా వెళ్ళిపోతే ఆ విషయం వార్డు మెంబరుకి చెప్పి, ఫోన్ నంబరు ఇచ్చి వెళ్ళమనండి. శ్రీకాకుళం జిల్లా బాలల సంరక్షణ యూనిట్ వాళ్ళతో మీ గంజాం వాళ్ళకి ఇప్పుడే ఒకసారి పరిచయం చేయించండి, ఫోన్ నంబర్లు మార్చుకుంటే చాలు, ఒప్పందాలు అక్కర్లేదు.

డేటా పిచ్చి

సరే, యాప్ వద్దు. పేర్లు ఎన్ని రకాలుగా రాశారో కలిపి చూసే చిన్న షీటు చేసిపెట్టనా? తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మూడు గడులు, ఫోన్ లేకపోయినా ప్రింటు తీసుకునేలా.

అంగన్‌వాడీ అక్క, గోపాల్‌పూర్ వైపు

అదీ పని. చెయ్యి బాబూ.

కోఆర్డినేటర్ తమ్ముడూ, మంగళవారం మా ఊళ్ళో మమతా దివస్ (తల్లీపిల్లల ఆరోగ్యం చూసే రోజు) ఉంది, తల్లులందరూ ఒకేచోట ఉంటారు. ఒక్కో తల్లినీ కార్డులన్నీ పట్టుకు రమ్మంటాను, మొదటి ముప్పై ఇళ్ళు అక్కడే చూసేద్దాం. ల్యాప్‌టాప్ తేకు, పెట్టడానికి బల్ల లేదు. గట్టి అట్ట ఉన్న నోటుపుస్తకం తే.

కొత్త కోఆర్డినేటర్, బరంపురం

వస్తాను అక్కా. ఎన్నింటికి?

అంగన్‌వాడీ అక్క, గోపాల్‌పూర్ వైపు

పదికి. వానొస్తే పదకొండుకి.