కాలువ కట్టేసినప్పుడు బోదెల్లో చిన్న చేపలు ఎక్కడికి పోతాయి?

లంక కుర్రోడు:
మాది అమలాపురం పక్కన. వేసవిలో కాలువ కట్టేశాక మా పంట బోదె (చేలకి నీళ్లు పారే చిన్న కాలువ) నెర్రెలిచ్చేస్తుంది. మళ్లీ నీళ్లొదిలిన కొద్ది రోజులకే చిన్న చేపలు గుంపులుగా ఎదురీదుతూ కనిపిస్తాయి. వేలెడంత ఉంటాయి, ఒంటి పక్కన నల్లగీత, మూతి దగ్గర మీసాలు పొట్టదాకా ఉంటాయి. గుడ్లు మట్టిలో ఉండిపోయి నీళ్లు తగలగానే పిల్లలవుతాయని మా తాతయ్య అంటాడు. నిజమేనా? దోమలకని సిమెంటు తొట్టిలో వేద్దామనుకుంటున్నా, బతుకుతాయా?

రాజోలు రైతు:
ఆ మాట మా ఊళ్లోనూ అంటారు గానీ కుదరదు తమ్ముడూ. ఈ చేపల గుడ్లు రెండు మూడు రోజుల్లో పిల్లలైపోవాల్సిందే, ఎండితే పోయినట్టే. మట్టిలో గుడ్లు నిలిచే చేపలు ఆఫ్రికాలో, దక్షిణ అమెరికాలో ఉన్నాయి, అవి వేరే. ధవళేశ్వరం దగ్గర నీళ్లు ఆపినా కింద అంతా ఒకేసారి ఎండిపోదు కదా. వంతెనల కింద మడుగులు, లాకుల దిగువ గోతులు, మురుగు కాలువలు, ఊరి చెరువులు, ఎక్కడో అక్కడ కాస్త నీళ్లూ నాచూ ఉంటే చాలు, గడిపేస్తాయి. నీళ్లు రాగానే ఎదురెక్కి తూముల్లోంచి చేలల్లోకి దూరిపోతాయి. అక్కడ నీళ్లు పలచగా, వెచ్చగా ఉంటాయి, పిల్లలకి తిండీ దొరుకుతుంది.

చేపల పిచ్చోడు:
మీసాలు అంత పొడుగంటే అది ఈసోమస్. నల్లగీత చూసి రాస్బోరా అనుకుంటారు చాలామంది, దానికి అంత మీసాలుండవు. తోక మొదట్లో నల్లచుక్క ఉంటే పరిగె. ఈసోమస్ తొట్టిలో బాగానే బతుకుతుంది, దోమ పిల్లల్ని తింటుంది, కాకపోతే పైన వల కట్టాలి, లేదంటే పొద్దున్నే నేలమీద ఏరుకోవాలి, అంత ఎగురుతుంది! ఎవరైనా గంబూసియా ఇస్తామంటే మాత్రం తీసుకోకండి. దాన్ని 1928లో దోమల కోసమే మన దేశానికి తెచ్చారు. గుడ్లు పెట్టదు, ఏకంగా పిల్లల్నే కంటుంది, పైగా పక్క చేపల గుడ్లనీ పిల్లల్నీ తినేస్తుంది. వానకి తొట్టి పొర్లిందా, నేరుగా మీ బోదెలోకే.

ఉండి చెరువులాయన:
మా దగ్గర వీటిని పనికిరాని చేపలంటారండీ. బొచ్చె, శీలావతి పిల్లలు వదిలే ముందు ఇప్పచెక్క (ఇప్పగింజల నూనె తీశాక మిగిలే పిండి) వేసి చెరువులో ఉన్నవాటినన్నిటినీ చంపేస్తాం. విషం విరిగేదాకా నీళ్లు కదపకూడదు, కానీ ఒకాయన ఆ నీళ్లే డ్రెయిన్లోకి తోడేశాడు, మర్నాడు కిలోమీటరు పొడుగునా చిత్తపరిగెలు తెల్లగా తేలాయి. ఎండాకాలం చేపలు గడిపేస్తాయని రైతుగారు చెప్పిన మురుగు కాలువలు ఇవే కదా! అందుకే ఈ మధ్య మావుల్లో (చేపలు పట్టే బుట్టల్లో) పరిగెలు తగ్గాయి అని నా లెక్క.

లంక కుర్రోడు:
థాంక్సండీ అందరికీ. తొట్టిలో బోరు నీళ్లు పోయొచ్చా?

చేపల పిచ్చోడు:
మన కోనసీమలో కొన్నిచోట్ల బోరు ఉప్పగా ఉంటుంది, వద్దు. బోదె నీళ్లే పొయ్యి. చుట్టుపక్కల ఎవరైనా చేలో మందు కొట్టి ఉంటే మాత్రం ఓ పదిరోజులు ఆగు.