రెండు రూపాయల పిన్ను పెట్టకుండా బండి ఇచ్చేశారు. తిరుపతిలో మనసు పెట్టి పని చేసే మెకానిక్కులు ఇంకా ఉన్నారా?

కొండదారి:

అందరికీ నమస్కారం. కొంచెం పెద్దగానే రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

నాది 2015లో కొన్న వంద సీసీ బండి, ఏపీ 03 రిజిస్ట్రేషన్. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా నన్ను నడిరోడ్డు మీద నిలబెట్టలేదు. కొండ మీద ఒక హోటల్లో లెక్కలు రాస్తాను కాబట్టి వారంలో ఆరు రోజులు ఘాట్ ఎక్కడం, దిగడమే. పోయిన నెల వెనక బ్రేకు సరిగ్గా పట్టడం లేదని ఊళ్లో ఒక వర్క్‌షాపులో ఇచ్చాను. పేరు ఇక్కడ రాయను, గొడవలు వద్దు. బ్రేక్ షూలు మార్చారు, లేబరుతో కలిపి 640 రూపాయలు తీసుకున్నారు. సాయంత్రానికి బండి కడిగి, టైర్లకు నల్ల పాలిష్ కూడా కొట్టి ఇచ్చారు. చూడ్డానికి కొత్త బండిలా ఉంది.

ఆ శనివారం మా ఆవిడను తీసుకుని దర్శనానికి వెళ్లి మధ్యాహ్నం కిందికి దిగుతున్నా. డౌన్ ఘాట్ మీకు తెలిసిందే, 1944లో వేసిన పాత దారి, మలుపు తరువాత మలుపు. సెకండ్ గేరులోనే వస్తున్నా. బ్రేకు తొక్కినప్పుడల్లా కాలి కింద టక్కుమని ఒక శబ్దం. ముందు పట్టించుకోలేదు. ఏడో మైలు ఆంజనేయస్వామి విగ్రహం దగ్గరికి వచ్చేసరికి శబ్దం పెద్దదైంది, బండి పక్కకు తీసి ఆపి వంగి చూశాను.

వెనక చక్రంలో బ్రేక్ షూలు కూర్చునే ప్లేటు ఉంటుంది కదా, అది చక్రంతో పాటు తిరిగిపోకుండా ఒక ఇనుప పట్టీ పట్టి ఉంచుతుంది. ఆ పట్టీ నట్టు ఊడిపోకుండా బోల్టు చివరనున్న రంధ్రంలో స్ప్లిట్ పిన్ను దూర్చి, దాని రెండు కాళ్లూ విడదీసి వంచాలి. నా బండిలో ఆ రంధ్రం ఖాళీ. నట్టు చివరి రెండు మరల మీద వేలాడుతోంది, వేలితో తిప్పితే తిరిగింది! ఇంకో రెండు మలుపులు దిగి ఉంటే ఆ పట్టీ ఊడేది, ప్లేటు తిరిగి చక్రం బిగుసుకుపోయేది. వెనకాలే ఎలక్ట్రిక్ బస్సులు వస్తున్నాయి. తరువాత ఏమయ్యేదో రాయడానికి కూడా నాకు చేతులు రావడం లేదు.

టూల్ కిట్‌లో ఉన్న పానాతో నట్టు బిగించి, మా ఆవిడ పిన్నీసు ఒకటి ఇస్తే దాన్ని సాగదీసి ఆ రంధ్రంలో దూర్చి వంచి, ఇరవై స్పీడులో అలిపిరి దాకా వచ్చాం.

సోమవారం ఆ వర్క్‌షాపుకు వెళ్లి చూపించాను. ఇరవై రెండేళ్ల కుర్రాడు ఫోన్లోంచి తల ఎత్తకుండానే "పిన్ను లేకపోయినా ఏం కాదు సార్, చాలా బండ్లకు ఉండదు" అన్నాడు. ఓనరు ఆ మాట విని కూడా ఏమీ అనలేదు. నాకు కోపం కన్నా బాధేసింది. మరిచిపోయాను సార్ అని ఉంటే నేను ఇదంతా రాసేవాణ్ణే కాదు.

మా నాయన లీలామహల్ దగ్గర టైలరుగా ముప్పై ఏళ్లు చేశాడు. కాలరు ఒక నూలు పోగంత వంకర వచ్చినా, వేసుకునేవాడు గుర్తుపట్టడని తెలిసి కూడా, రాత్రి లైటు కింద కూర్చుని కుట్లన్నీ విప్పి మళ్లీ కుట్టేవాడు. అమ్మ అన్నానికి పిలిస్తే "ఇది నా చేతి కింద పోయిన గుడ్డ, ఇట్లా పోకూడదు" అనేవాడు. ఆ మాట చిన్నప్పుడు అర్థం కాలేదు, ఆంజనేయస్వామి ముందు ఆ ఖాళీ రంధ్రం చూసినప్పుడు అర్థమైంది.

అడగదలచుకున్నవి రెండు. తిరుపతి చుట్టుపక్కల నమ్మకంగా పని చేసేవాళ్లు ఎవరున్నారు? ఇంకోటి, ఈ పనిలో ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, ఎందుకు ఇట్లా అయిపోయింది?

పద్మావతిపురం వాసి:

బిల్లు, ఫోటోలు జాగ్రత్తగా దాచండి. డబ్బు తీసుకుని పని సరిగ్గా చేయకపోతే అది సేవాలోపమే, 2019 వినియోగదారుల చట్టం కిందికి వస్తుంది. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి, వాళ్లే అవతలివాళ్లతో మాట్లాడతారు. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు కట్టిన మొత్తం 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, రెండేళ్ల గడువు ఉంటుంది. 640 రూపాయల కోసం ఎందుకని వదిలేయకండి, రేపు ఇంకొకరి బండిలో అదే పిన్ను ఉండదు.

తిరుచానూరు రోడ్డు:

అన్నా, చదువుతుంటేనే గుండె జారింది. నాది స్కూటర్. ఆడవాళ్లం వెళితే ఇంకా అన్యాయం, ఏమడిగినా "మీకు తెలియదులే మేడమ్" అంటారు. రెండేళ్ల కిందట ఎయిర్ ఫిల్టర్ మార్చామని బిల్లు వేశారు. నాకెందుకో అనుమానం ఉండి ఇచ్చే ముందే ఇంట్లో ఫిల్టరు తీసి ఒక మూల గోళ్ల రంగుతో చుక్క పెట్టి మళ్లీ బిగించాను. సాయంత్రం బండి తెచ్చుకుని తెరిచి చూస్తే నా ఎర్ర చుక్క అక్కడే ఉంది. వెనక్కి వెళ్లి చూపిస్తే డబ్బు తిరిగి ఇచ్చేశారు కానీ ముఖంలో సిగ్గు మాత్రం కనబడలేదు. ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అప్పటి నుంచి ఏది మార్చినా పాత సామాను కవర్లో వేసి ఇమ్మంటాను. ముందే చెప్తాను, తరువాత అడిగితే చెత్తలో వేసేశాం అంటారు.

ఇంకో మాట, స్కూటర్లో ఘాట్ దిగేవాళ్లు మరీ జాగ్రత్త. గేరు బండికి సెకండ్ గేరు వేస్తే ఇంజినే పట్టి ఆపుతుంది, స్కూటర్లో ఆ పట్టు అంతగా ఉండదు, భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. అదే పనిగా పట్టుకుని దిగితే వేడెక్కి పట్టు తగ్గిపోతుంది. మధ్యలో రెండుసార్లు ఆపి చల్లార్చుకోండి. సర్వీసు చేయించిన రోజే కొండకు పోవద్దు, ముందు ఊళ్లో ఒకరోజు తిప్పి చూసుకోండి.

చిత్తూరు షెడ్డు:

నేను మెకానిక్కునే సార్. చిత్తూరులో సొంత షెడ్డు, ఈ పనిలో ఇరవై ఏడేళ్లు. మీ పోస్టు నిన్న రాత్రి చదివి పడుకున్నా, నిద్ర పట్టలేదు, అందుకే రాస్తున్నా. ఆ పిల్లాడు చెప్పింది అబద్ధం. పిన్ను లేకపోతే ఏం కాదు అనేవాడికి ఆ పిన్ను అక్కడ ఎందుకు పెట్టారో ఎవరూ చెప్పలేదన్నమాట.

నన్ను పదమూడేళ్లకు షెడ్డులో వేశారు. ఇప్పుడు పద్నాలుగు లోపు పిల్లల్ని పనిలో పెట్టుకుంటే నేరం, అది మంచిదే, నా కొడుకుని నేను అట్లా వేయను. దెబ్బలు తిన్నాను, జీతం లేదు, మధ్యాహ్నం అన్నం మాత్రం పెట్టేవాళ్లు. కానీ మా మేస్త్రీ ఆరు నెలలు నాచేత పానా పట్టించలేదు. విప్పిన ప్రతి ముక్కా కిరసనాయిల్లో కడగడం, విప్పిన వరసలోనే పాత సినిమా రీళ్ల డబ్బా మూతలో పేర్చడం, అదే పని. బండి బిగించాక మూతలో ఒక్క వాషరు మిగిలినా మొత్తం మళ్లీ విప్పించేవాడు. ఒకసారి రాత్రి పదింటికి పలమనేరు పోవాల్సిన ఆసామి పక్కనే నిలబడి తిడుతుంటే కూడా విప్పించాడు. మొగిలి ఘాట్ ఎక్కేవాడయ్యా, పంపితే నాకు నిద్ర పడుతుందా అన్నాడు. స్ప్లిట్ పిన్ను ఒకసారి తీస్తే మళ్లీ వాడకూడదని, వంచిన కాలు రెండోసారి వంచితే విరుగుతుందని నాకు ఆయన చెప్పాడు. నేను నా దగ్గరి పిల్లలకు చెప్తున్నా. ఆ పిల్లాడికి చెప్పేవాడు ఎవరు?

నేను మధ్యలో నాలుగేళ్లు ఒక పెద్ద సర్వీసు సెంటర్లో చేశాను. రోజుకు పన్నెండు బండ్లు ఒక్కొక్కరికి. ఒక బండికి ముప్పావుగంట కూడా రాదు. పని ఎట్లా చేశావని అడిగేవాడు లేడు, ఎన్ని చేశావు, ఎన్ని పాలిష్‌లు, ఎన్ని ఇంజిన్ క్లీనర్ డబ్బాలు అమ్మావు, ఇదే లెక్క. టైర్లకు నల్ల పాలిష్ కొట్టడానికి టైముంటుంది, పిన్ను వంచడానికి ఉండదు. ఎందుకంటే కస్టమరుకు కనబడేది పాలిష్. నేనూ అక్కడ ఒక బండికి ఆయిల్ బోల్టు తొందరలో ఎక్కువ బిగించి మర పోగొట్టాను. అల్యూమినియం కదా, ఊరికే పోతుంది. చెప్పకుండా టేపు చుట్టి బిగించి పంపేశాను. ఆ బండి నంబరు ఇప్పటికీ గుర్తుంది. ఆ తరువాతే మానేసి బయటికి వచ్చాను.

కోపం తెచ్చుకోకండి, కస్టమర్ల మీద కూడా ఒక మాట ఉంది. చక్రం విప్పి, బేరింగు చూసి, గ్రీజు పెట్టి, షూలు మార్చి, అన్నీ సరి చూసి బిగిస్తే గంటకు పైన పడుతుంది. లేబరు 250 అంటే "పక్క షాపులో 120కే చేస్తారు" అంటారు. పది వేల ఫోన్‌కు గ్లాసు వేయించడానికి బేరం ఆడరు, ప్రాణం మోసే బ్రేకు దగ్గర ఆడతారు. పక్క షాపువాడు 120కి ఎట్లా చేస్తాడంటే డూప్లికేటు షూలు వేసి, ఇరవై నిమిషాల్లో బిగించి చేస్తాడు.

కుర్రాళ్లు నిలబడటం లేదు సార్. నా దగ్గరికి వచ్చినవాళ్లలో మూడు నెలలు దాటినవాళ్లు ఇద్దరే. ఒకడు శ్రీసిటీలో ఫ్యాక్టరీకి వెళ్లిపోయాడు, ఏసీ షెడ్డు, యూనిఫాం, నెల తిరిగేసరికి జీతం, తప్పు పట్టలేను. ఇంకొకడు మంచి పనితనం ఉన్నవాడు, శబ్దం విని జబ్బు చెప్పేవాడు. పెళ్లి సంబంధం దగ్గర మెకానిక్ అనేసరికి ఆడపిల్లవాళ్లు లేచి వెళ్లిపోయారు. ఆ వారమే మానేసి బెంగుళూరు పోయి ఫుడ్ డెలివరీ చేస్తున్నాడు. ఆ రోజు నేను షెడ్డు మూసేసి ఇంటికి వచ్చేశాను.

ఐటీఐ సెకండియర్:

అన్నా నమస్తే. నేను ఐటీఐలో మోటార్ మెకానిక్ రెండేళ్ల కోర్సు చేస్తున్నా, ఇది రెండో ఏడాది. ఇంటర్లో మార్కులు వచ్చినా ఇష్టంతోనే చేరాను. మా అమ్మ మాత్రం చుట్టాలు అడిగితే "ఏదో టెక్నికల్ కోర్సు" అని చెప్తుంది, మెకానిక్ అని నోట రాదు. మా క్లాసులో సగం మంది ఆర్టీసీలో అప్రెంటిస్ దొరుకుతుందనే చేరారు, బండి మీద ఇష్టంతో కాదు.

మేం విప్పి బిగించే ఇంజిన్ పాతది, ఇప్పటికి ఎన్ని బ్యాచ్‌లు విప్పాయో, బోల్టులన్నీ చేత్తోనే ఊడి వస్తాయి. 2020 ఏప్రిల్ నుంచి పొగ తగ్గించే కొత్త రూలు ప్రకారం బీఎస్-6 బండ్లు వచ్చాయి, కార్బురేటర్ పోయి ఇంజెక్షన్, సెన్సర్లు వచ్చాయి, అవి మేం బొమ్మల్లో చూస్తున్నాం. సార్ మంచివారే, ఉన్నదాంతో చెప్తారు. కానీ బోల్టు ఎంత బిగించాలో అంతే కొలిచి బిగించే టార్క్ రెంచి ఒకటే ఉంటే ఇరవై మందిలో ఎవరి చేతికి వస్తుంది?

చిత్తూరు అన్నా, మీ దగ్గర సెలవుల్లో వచ్చి నేర్చుకోవచ్చా? జీతం అడగను.

చిత్తూరు షెడ్డు:

తమ్ముడూ, రా. జీతం లేకుండా మాత్రం వద్దు, నేను పడింది నువ్వు పడక్కర్లేదు. బస్సు చార్జీ, భోజనం, రోజుకు కొంత ఇస్తాను. బీఎస్-6 నాకూ సగమే వచ్చు, బండి సెన్సర్లలో లోపం చూపించే స్కానరు కొన్నాను కానీ అందులో ఇంగ్లీషు చదవడం కష్టంగా ఉంది. అది నువ్వు నాకు చెప్పు. అమ్మకు ఒకసారి ఫోన్ ఇవ్వు, నేను మాట్లాడతాను.

కొండదారి:

అందరికీ పేరుపేరునా థ్యాంక్స్. 1915కి ఫోన్ చేశాను, ఫిర్యాదు నంబరు ఇచ్చారు. నిన్న మళ్లీ వర్క్‌షాపుకు వెళ్లి ఓనరుతో కూర్చుని మాట్లాడాను, అరవలేదు. ఆ కుర్రాణ్ణి పిలిచి పిన్ను గురించి చిత్తూరు అన్న రాసింది చదివి వినిపించాను. ఈసారి ఫోన్ జేబులో పెట్టుకుని విన్నాడు. పిన్ను తెచ్చి తనే పెట్టాడు, కాళ్లు విడదీసి వంచాడు, ఎవరూ చెప్పకుండానే ముందు చక్రం యాక్సిల్ నట్టు కూడా చూశాడు. వాడికి నేర్పితే వచ్చేదే అనిపించింది.

మా ఆవిడ పిన్నీసు వంకరపోయింది కానీ పారేయలేదు, ఇంట్లో దేవుడి పటం దగ్గర పెట్టింది.

చిత్తూరు అన్నా, బండి మొత్తం మీకొకసారి చూపించాలని ఉంది. ఇంజిన్లో వాల్వులు తెరిచే టాపెట్లు కూడా మోగుతున్నాయి. ఈ ఆదివారం షెడ్డు తెరిచి ఉంటారా?

చిత్తూరు షెడ్డు:

ఉంటాను సార్. టాపెట్లు సరిచేయాలంటే ఇంజిన్ చల్లగా ఉండాలి, మీరు తిరుపతి నుంచి నడుపుకుంటూ వస్తారు కాబట్టి రాగానే ముట్టుకోను. పొద్దున తొమ్మిదిలోపు వచ్చి బండి వదిలి, బస్సెక్కి కాణిపాకం వెళ్లి స్వామి దర్శనం చేసుకుని రండి. ఈలోపు చక్రాలు రెండూ విప్పి పెడతాను. మీరు వచ్చి చూశాకే బిగిస్తాను.