ఫ్రాన్స్‌లో పోస్ట్‌డాక్: ప్రకటనలు ఎక్కడ చూడాలి?

ప్రశ్న (బరంపురం, గంజాం జిల్లా):
నమస్కారమండీ. రసాయనశాస్త్రంలో నా పీహెచ్‌డీ ముగింపుకు వచ్చింది. ఉత్ప్రేరకాలపై ఫ్రాన్స్‌లో పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం) చేయాలని ఉంది, కానీ ఫ్రెంచి రాదు. ప్రకటనలు ఎక్కడ వెలువడతాయో, ఎవరికి రాయాలో దయచేసి చెప్పగలరా?

జవాబు (పర్లాకిమిడి):
ఫ్రాన్స్ జాతీయ పరిశోధన సంస్థ సీఎన్ఆర్ఎస్ ఉద్యోగ పోర్టల్‌నూ, ఐరోపా పరిశోధన ఉద్యోగాల పోర్టల్ యూరాక్సెస్‌నూ వారం వారం చూడండి. ప్రయోగశాలల్లో ఇంగ్లీషుతో పని జరుగుతుంది. అయితే ప్రకటన కోసమే కూర్చోకుండా, లియోన్, రెన్ వంటి నగరాల్లో ఉత్ప్రేరకాలపై పనిచేసే బృందాల నాయకులకు నేరుగా రాయడమే మేలని నా గట్టి అభిప్రాయం. వారి ఇటీవలి పరిశోధన పత్రంలోని ఏ ప్రశ్నను మీ పద్ధతితో ముందుకు తీసుకెళ్ళగలరో రెండు పేరాల్లో చెప్పి, మీ ముఖ్యమైన పత్రం ఒక్కటి జతచేయండి. అందరికీ ఒకే ఉత్తరం పంపితే ఎవరూ పట్టించుకోరు.

జవాబు (రాయగడ):
ఐరోపా సమాఖ్య ఇచ్చే మారీ క్యూరీ ఫెలోషిప్‌కూ ప్రయత్నించండి. గడువు సాధారణంగా సెప్టెంబరులో ఉంటుంది. గడువుకు ముందటి 36 నెలల్లో 12 నెలలకు మించి ఫ్రాన్స్‌లో నివసించి ఉండకూడదన్న నిబంధన మీకు అడ్డు కాదు. ఆతిథ్య సంస్థతో (మిమ్మల్ని చేర్చుకునే సంస్థతో) కలిసి ప్రతిపాదన రాయాలి కనుక వేసవిలోనే మొదలుపెట్టండి. ఎంపికయ్యాక పరిశోధకుల వీసాకు ఆ సంస్థ ఇచ్చే ఆతిథ్య ఒప్పందపత్రం కావాలి. అక్కడి ఆరోగ్య బీమాకు జనన ధ్రువపత్రం అడుగుతారు. మీది ఒడియాలోనే ఉంటే ఇంగ్లీషు ప్రతి ఇప్పుడే తీసుకోండి.