అప్‌డేట్: ఎన్‌ఫీల్డ్ తుపాకీ కర్రకు జిగురు వదిలింది

గుంటూరులో మా తాతగారు దాచిన 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ (పాత బ్రిటిష్ సైనిక తుపాకీ) కర్రకు, అంటే దాని చెక్క భాగానికి, అవిసె నూనె పూస్తే మూడు వారాలైనా జిగురు పోలేదని ఇక్కడ అడిగాను. (గొట్టంలో సీసం పోసి మూసేశారు, అది పేలదు.) సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

వానాకాలపు తేమ అసలు కారణం కాదు. పాత ఫర్నిచర్‌కు పాలిష్ చేసే పెద్దాయన వేలితో తాకి చూసి, నూనె మందంగా పూసి తుడవకుండా వదిలేశామని చెప్పారు. పచ్చి అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది. మందంగా ఉంటే పైన పొర కట్టి లోపల తడిగానే ఉండిపోతుంది. టర్పెంటైన్ గుడ్డతో తుడిచి, వారానికొకటి చొప్పున నాలుగు పలుచని పూతలు వేశాం. ఇప్పుడు చేతికి అంటడం లేదు.

గరుకు కాగితం వద్దని వారించినవారికి ఎంతో రుణపడి ఉన్నాను. వాల్‌నట్ కర్రపై పాత ముద్రలు చెక్కుచెదరలేదు. నూనె గుడ్డలను మాత్రం ముద్దగా చుట్టి పడేయకండి, వాటంతట అవే అంటుకోగలవు.