ఘాట్ రోడ్డున్న ఊళ్లో ఏడాస్ కారు దండగా? తిరుపతి, చిత్తూరు వాళ్లు చెప్పండి

చంద్రగిరి చిన్నోడు (శనివారం, రాత్రి 8:10)
నాన్న పాత కారు అమ్మేసి కొత్తది తీసుకుంటున్నాం. ఆరు ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ మధ్య వేరియంట్‌లోనే ఉన్నాయి. పై వేరియంట్‌లో ఏడాస్ వస్తుంది. అంటే అద్దం వెనక కెమెరా, ముందు రాడార్ రోడ్డు చూస్తుంటాయి, అవసరమైతే కారే బ్రేక్ వేసుకుంటుంది, గీత దాటితే స్టీరింగ్ సర్దుతుంది. దానికి లక్షన్నర ఎక్కువ. నాన్నకి 67. వారానికి రెండుసార్లు చిత్తూరు వెళ్లొస్తాడు, నెలకోసారి కొండకి. ఆ లక్షన్నర పెట్టాలా, మిగుల్చుకోవాలా?

ఫస్ట్‌గేర్ శీను (8:31)
మిగుల్చుకో తమ్ముడూ. 22 ఏళ్లుగా కొండకి ట్యాక్సీ తోలుతున్నా. దిగే దారిలో 36 హెయిర్‌పిన్ మలుపులు. అక్కడ గీత చూసి స్టీరింగ్ తిప్పే కారుతో ఏం పని? సెకండ్ గేర్‌లో వేసి ఇంజన్ మీద దించాలి, అంతే. బయటూరోళ్లు టాప్ గేర్‌లో ఉంచి బ్రేక్ మీద కాలు తీయకుండా దిగతారు. సగం దూరం రాకముందే చక్రాల దగ్గర కాలిన వాసన. కారులో ఉన్నోళ్లు అది అడవి వాసన అనుకుంటారు! కాసేపటికి పెడల్ మెత్తగా లోపలికి పోతుంది, బండి ఆగదు. ఆ వాసన పట్టే సెన్సార్ ఉందా మీ లక్షన్నరలో?

రాడార్‌బాబు (9:05)
శీనన్నా, మన జిల్లాకి ఘాట్ ఒక్కటే రోడ్డా? లేన్ సర్దడం చాలా కార్లలో 60 స్పీడు దాటాకే పనిచేస్తుంది. కొండ మీద 30లో పోతాం, దాని ఊసే రాదు. అడిగినతను చిత్తూరు హైవే సంగతి అడిగాడు. అమెరికాలో ఇన్సూరెన్స్ కంపెనీలు నడిపే ఐఐహెచ్‌ఎస్ అనే సంస్థ లెక్క తీసింది. ఆటోమేటిక్ బ్రేక్ ఉన్న కార్లు ముందున్న బండిని వెనక నుంచి గుద్దడం సగానికి తగ్గింది. యూరప్‌లో 2024 జులై నుంచి కొత్తగా అమ్మే ప్రతి కారులో తప్పనిసరి చేశారు. వాళ్లకేమన్నా పిచ్చా?

మదనపల్లె టమాటా (9:09)
అక్కడ హైవే మీద గేదెలు పడుకోవు.

ఫస్ట్‌గేర్ శీను (9:12)
అదీ మాట. బాబూ, గేదె అడ్డమొస్తే ఆగుతుందా? అవునా, కాదా?

రాడార్‌బాబు (9:20)
అలా ఒక్క ముక్కలో చెప్పేది కాదన్నా. కెమెరాకి బండ్లని, మనుషుల్ని, సైకిళ్లని గుర్తుపట్టడం నేర్పిస్తారు. జంతువుల్ని గుర్తించకపోవచ్చని చాలా కంపెనీల మాన్యువల్‌లోనే రాసి ఉంటుంది. రాడార్‌కి ఏదో ఉందని తెలిసినా

ఫస్ట్‌గేర్ శీను (9:21)
అంటే ఆగదు.

రాడార్‌బాబు (9:22)
పూర్తిగా రాయనివ్వండి.

మదనపల్లె టమాటా (9:24)
గేదె 1, రాడార్ 0

గుడిపాల బుల్లెట్ (9:40)
2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు. అందులో నూటికి 44 మంది టూవీలర్ల మీద వెళ్లినోళ్లే. మీరంతా కారు లోపల ఉన్నోళ్ల ప్రాణం గురించే మాట్లాడుతున్నారు. కానివ్వండి.

పాకాల పద్మ (10:02)
మా కారుకి ఉంది కాబట్టి చెప్తున్నా. రేణిగుంట దాటాక టిప్పర్ నుంచి కంకర రాయి ఎగిరొచ్చి ముందు అద్దం పగిలింది. బయట షాపులో కొత్త అద్దం వేయించాం. కెమెరా దానికే అతికించి ఉంటుందని, అద్దం మారిస్తే మళ్లీ క్యాలిబ్రేట్ చేయించాలని, అంటే దాని చూపు సరిచేయించాలని ఎవరూ చెప్పలేదు. వారం తర్వాత ఖాళీ రోడ్డులో ఉన్నట్టుండి బ్రేక్ పడింది. వెనక లారీ వాడు ఎలా తప్పించాడో ఆ దేవుడికే తెలియాలి. వాడు కొట్టిన హారన్ ఇప్పటికీ చెవిలోనే ఉంది. ఇప్పుడు బండి స్టార్ట్ చేయగానే మా ఆయన మొదట చేసే పని దాన్ని ఆఫ్ చేయడం.

రాడార్‌బాబు (10:10)
అది అద్దం షాపు వాడి తప్పు మేడమ్, ఏడాస్ తప్పు కాదు.

పాకాల పద్మ (10:13)
కారులో కూర్చున్నది నేను సార్. తప్పు ఎవరిదైతే నాకేంటి?

కాణిపాకం కుర్రోడు (10:30)
నవ్వుకోకండి, నిజంగా జరిగింది. మా బావ కొత్త కారుకి కాణిపాకంలో పూజ చేయించాడు. చక్రాల కింద నిమ్మకాయలు, గ్రిల్ మీద ఈ చివర నుంచి ఆ చివరికి మోకాలి మందం చామంతి దండ. అద్దం పైన మధ్యలో పెద్ద నామాల స్టిక్కర్. బండి హైవే ఎక్కగానే డిస్‌ప్లే మీద పసుపు లైటు, ముందు రాడార్ పనిచేయట్లేదని. బావకి టెన్షన్. ఇంటికి పోకుండా నేరుగా షోరూమ్‌కి తోలాడు. అక్కడి పిల్లోడు బానెట్ కూడా ఎత్తలేదు. కత్తెర తెచ్చి దండ కోశాడు, లైటు పోయింది. నామాలు కెమెరాకి అడ్డంగా ఉన్నాయి, పక్కకి జరపండి అన్నాడు. మా అత్త ఒప్పుకోలేదు. నామాలు అక్కడే ఉన్నాయి, కెమెరా వాటి వెనకే ఉంది.

ఫస్ట్‌గేర్ శీను (ఆదివారం, ఉదయం 6:15)
మా పిల్లోడితో బాబు చెప్పిన ఆ సంస్థ లెక్కలు తీయించి చూశా. నడిచేవాళ్లని గుద్దడం 27 శాతం తగ్గిందంట, మంచిదే. కానీ వీధి లైట్లు లేని చీకట్లో ఏ తేడా లేదని వాళ్లే రాశారు. బాబు ఆ ముక్క మింగేశాడు. పెరటాసి నెలలో తమిళనాడు నుంచి పసుపు బట్టలు కట్టుకుని గుంపులు గుంపులుగా నడిచొస్తారు. ఎండకి ఆగి, చీకట్లోనే నడుస్తారు. వాళ్లని చూసేది మా కళ్లే.
ఇంకోటి. పైకి 28 నిమిషాలు, కిందికి 40 అని దేవస్థానం టైమ్ పెట్టింది. అంతకంటే ముందొస్తే ఫైన్. చేతిలో టైమ్ వేసిన ఒక కాగితం ముక్క. అంతమంది స్పీడు తగ్గించింది ఆ కాగితమే. దానికి రాడార్ కావాల్సి వచ్చిందా?

రాడార్‌బాబు (8:40)
చీకటి సంగతి నిజమే, నేను రాయాల్సింది. కానీ ఆ కాగితం డ్రైవర్‌ని నమ్మి పెట్టిందా, నమ్మక పెట్టిందా? సర్రున దిగేసి, గేటుకి ముందు పక్కన ఆపుకుని, మిగిలిన నిమిషాలు ఫోన్ చూసుకుంటూ గడిపే ట్యాక్సీలని నా కళ్లతో చూశా. మీరు ఎప్పుడూ ఆపలేదా శీనన్నా?

ఫస్ట్‌గేర్ శీను (8:52)
ఆపినా. అయితే? పైన ఇంకో పార్టీ కాసుకోనుంటే, ఇది దించి మళ్లీ ఎక్కాలంటే తెలుస్తుంది. ఏసీ రూములో కూర్చుని కారుకి కళ్లు పెట్టేవాళ్లకి తెలీదు.

రాడార్‌బాబు (9:01)
ఏసీ రూము గురించి మాట్లాడొద్దు. మా పెద్దమ్మ కొడుకు నాయుడుపేట రోడ్డులో తెల్లారుజామున పోయాడు. వెనక సీట్లో నిద్రపోతున్నాడు. డ్రైవర్ కూడా నిద్రపోయాడు, అదీ జరిగింది. ఆగి ఉన్న లారీ కిందకి పోయింది బండి. ఆయనకీ 20 ఏళ్ల అనుభవమే. బ్రేక్ గుర్తు ఒక్క అడుగు కూడా లేదు రోడ్డు మీద. గంట కొట్టి లేపే పరికరం ఒకటి ఉంటే చాలు, ఈ రోజు మావాడు ఉండేవాడు. మీరేమో నాకు గేదె గురించి చెప్తున్నారు.

నిర్వాహకుడు (9:10)
ఇద్దరూ కాస్త తగ్గండి. గేదె విషయం ఇంతటితో ఆపేద్దాం.

ఫస్ట్‌గేర్ శీను (9:48)
తమ్ముడూ, ఆ మాట ముందే చెప్పుంటే గేదె ఊసెత్తేవాణ్ని కాదు. మనసులో పెట్టుకోవద్దు.
కానీ నా మాటా విను. నువ్వు చెప్పిన గంట నా బండిలో ఉంది. పోయిన ఏడాది మా ఓనర్ అద్దం పక్కన నా మొహం చూసే కెమెరా బిగించాడు. కన్ను మూతపడితే కీ కీ అంటుంది, ఓనర్ ఫోనుకి మెసేజ్ పోతుంది. మూడు మెసేజ్‌లకి ఒక రోజు జీతం కట్. ఆ వారం నేను చెన్నై ఎయిర్‌పోర్టు నుంచి రాత్రి పార్టీని దించి, పొద్దున్నే వాళ్లనే కొండకి, అట్నుంచి కాళహస్తికి తోలినా. ఎన్ని గంటలు తోలినావని ఆ కెమెరా ఎప్పుడైనా ఓనర్‌కి మెసేజ్ పెట్టిందా? కన్ను మూసినందుకు మెసేజ్, కన్ను మూయనివ్వనందుకు లేదు. నీ పరికరం మీద కోపం కాదు నాది. అది ఎవరి జేబులో మోగుతుందనేదే.

గుడిపాల బుల్లెట్ (9:55)
రోజుకి 8 గంటలు, వారానికి 48 అని 1961 నాటి మోటార్ ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్ యాక్ట్‌లోనే రాశారు. చట్టంలో మాత్రం.

రాడార్‌బాబు (10:20)
ఆ రోజు ఆ డ్రైవర్ కూడా రెండో రాత్రి తోలుతున్నాడని తర్వాత తెలిసింది అన్నా. ట్రిప్పు మాట్లాడింది మేమే. అలసిపోని డ్రైవర్ కావాలని అడగాలని మాకు తోచలేదు.

చంద్రగిరి చిన్నోడు (11:05)
అందరికీ థ్యాంక్స్. ఒక విషయం ముందే చెప్పకపోవడం నా తప్పే. రెండు నెలల కింద రాత్రి ఏడున్నరకి పూతలపట్టు దగ్గర నాన్న ఒక టూవీలర్‌ని రాసుకుంటూ వచ్చేశాడు. వాళ్లకి దెబ్బలేం తగల్లేదు. ఎదురు బండి లైటు కళ్లల్లో పడిందన్నాడు. తర్వాత డాక్టర్‌కి చూపిస్తే రెండు కళ్లకీ శుక్లాలు. ఆపరేషన్ రేపూ మాపూ అంటున్నాడు. రాత్రి కారు తీయొద్దు నాన్నా అని నేను చెప్పలేకపోతున్నా. లక్షన్నర పెడితే ఆ మాట కారు చెప్తుందేమో అనుకున్నా.

పాకాల పద్మ (11:12)
కారు చెప్పదు నాయనా. మా మామగారికి మేం చెప్పాం. వారం రోజులు మాతో మాట్లాడలేదు, తర్వాత మాట్లాడారు.

రాడార్‌బాబు (11:30)
మసక కళ్లతో రాత్రి తోలడానికైతే ఇది కొనొద్దు. కారు చూసుకుంటుందిలే అని ఇంకా ధైర్యంగా బయల్దేరతారు. ముందు ఆపరేషన్ చేయించు. ఆ తర్వాత హైవే కోసం కొను. కొన్నాక ఒక పగలంతా ఆయన పక్కన కూర్చుని, ఏ చప్పుడు దేనికో చూపించు.

ఫస్ట్‌గేర్ శీను (11:41)
దీంట్లో బాబు మాటే నా మాట. రాత్రి చిత్తూరు పని పడితే ఎవరినైనా మాట్లాడుకోండి, ముందు రోజు నిద్రపోయినోణ్ని.

చంద్రగిరి చిన్నోడు (సాయంత్రం 6:20)
మధ్యాహ్నం భోజనాల దగ్గర కళ్ల సంగతి ఎత్తా. ఏమీ అనలేదు. కాసేపటికి కారు తెల్లదే కావాలి అన్నాడు.

ఫస్ట్‌గేర్ శీను (6:34)
తెలుపు మంచిది. చీకట్లో ఎదుటోడికి కనబడుతుంది.